ఒకే ఇంట్లో మూడు రకాల రాళ్లు: పాలరాయికి, బేతంచర్ల బండకు, నల్ల గ్రానైట్‌కు ఏ ద్రవంతో శుభ్రం చేయాలి?

కర్నూలు కోడలు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మూడేళ్ల క్రితం కర్నూలులో మేము కట్టుకున్న ఇంట్లో హాలుకూ పూజగదికీ మక్రానా తెల్ల పాలరాయి, వరండాకూ మెట్లకూ బేతంచర్ల బండలు, వంటగది గట్టుకు చీమకుర్తి నల్ల గ్రానైట్ వేయించుకున్నాము. రాళ్లను ఎంచుకోవడానికి ఆరు నెలలు తిరిగిన మేము, వాటిని దేనితో తుడవాలో తెలుసుకోవడానికి ఒక్క గంట కూడా కేటాయించలేదని ఇప్పుడు అర్థమవుతోంది.

పూజగదిలో మా అత్తయ్యగారు ఇత్తడి కుందులను అక్కడే కూర్చొని చింతపండుతో తోముతారు. శ్రావణమాసంలో వ్రతం ముగిసిన తరువాత చూస్తే, కుందులు పెట్టిన చోట, నిమ్మచెక్కలు ఉంచిన చోట, పంచామృతం ఒలికిన చోట గుండ్రని మసక మచ్చలు ఏర్పడ్డాయి. నేరుగా చూస్తే కనబడవు కానీ, కిటికీ వెలుతురుకు ఎదురుగా వంగి చూస్తే ప్రతి మచ్చా కనబడుతుంది. ఎన్నిసార్లు కడిగినా పోవడం లేదు. పసుపు పడిన చోట సబ్బుతో రుద్దగా, పోవడం మాట అటుంచి, మరక ఎర్రగా మారింది.

వరండా సంగతి ఇంకా ఘోరం. బండల మధ్య మిగిలిపోయిన సిమెంటు మరకలు పోతాయని మా పనిమనిషి మరుగుదొడ్డి కడిగే ద్రవాన్ని పోసింది. నురుగు బాగా పొంగింది. మురికి అంతా పోతోందని మేమందరమూ సంతోషించాము. ఆరిన తరువాత బండలు తెల్లగా వెలవెలబోయి, అరికాలికి గరుకుగా తగులుతున్నాయి. ఇక వంటగదిలో కుళాయి చుట్టూ, గట్టు అంచున బోరు నీటి వల్ల తెల్లని పొర పేరుకుపోయింది.

దుకాణంలో అడిగితే, నిమ్మసారంతో చేసిన సహజమైన ద్రవమని, ఏ హానీ ఉండదని ఒక సీసా ఇచ్చారు. ఇంకొకరు యాసిడ్‌లో సగం నీళ్లు కలిపి వాడమన్నారు. మా ఆడపడుచు వెనిగర్‌లో వంటసోడా కలిపి తుడిచే వీడియో పంపింది. ఈ మూడింటిలో ఏది వాడవచ్చు? అన్ని రాళ్లకూ సరిపోయే ద్రవం ఒకటి ఉంటుందా?

విశ్రాంత రసాయన ఉపాధ్యాయుడు

అమ్మా, ముందుగా ఒక మాట. ఆ మూడింటిలో ఏదీ మీ పాలరాయి మీద గానీ, బేతంచర్ల బండ మీద గానీ పడకూడదు. నిమ్మసారం సీసాను మూత తీయకుండా ఉంటే తిరిగి ఇచ్చేయండి.

వరండాలో పొంగిన నురుగు మురికిది కాదు, రాయిది. పాలరాయిలో ప్రధానంగా ఉండేది కాల్షియం కార్బొనేట్. బేతంచర్ల, తాండూరు, కడప, షాబాదు బండలన్నీ సున్నపురాయి జాతివే కనుక వాటిలోనూ ముఖ్యపదార్థం అదే. దానిమీద ఏ ఆమ్లం పడినా రాయి కరిగి, కార్బన్ డయాక్సైడ్ వాయువు బుడగలుగా బయటకు వస్తుంది. మరుగుదొడ్డి ద్రవాల్లో చాలావాటిలో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. నిమ్మరసంలోది సిట్రిక్ ఆమ్లం, చింతపండులోది టార్టారిక్ ఆమ్లం, పెరుగులోది లాక్టిక్ ఆమ్లం, వెనిగర్‌లోది ఎసిటిక్ ఆమ్లం. బలంలో తేడా ఉన్నది గానీ చేసే పని ఒక్కటే. చెట్టున కాసిందా, కార్ఖానాలో తయారయిందా అన్న విచారణ రాయికి లేదు. కాబట్టి సీసా మీద ‘సహజం’ అని రాసి ఉన్నంత మాత్రాన ధీమా పడవద్దు.

ఇక్కడ మరకకూ, ఆమ్లం కొరికిన గుర్తుకూ తేడా గ్రహించడం అన్నిటికంటే ముఖ్యం. మరక అంటే బయటి పదార్థం ఏదో రాతి రంధ్రాల్లోకి దిగడం. నూనె, కాఫీ, పసుపు, తుప్పు ఈ కోవలోకి వస్తాయి. సరైన పద్ధతిలో వాటిని వెనక్కి లాగవచ్చు. మీ పూజగదిలోని గుండ్రని మసక గుర్తులు అలాంటివి కావు. అక్కడ అదనంగా చేరినది ఏదీ లేదు. మెరుగు పెట్టిన పైపొర నుంచి కొంత రాయే పోయింది. లేనిదాన్ని ఏ ద్రవమూ కడిగివేయలేదు. అందుకే మీరు ఎంత తుడిచినా ఫలితం రాలేదు. దానికి మళ్లీ మెరుగు పెట్టించడం ఒక్కటే దారి.

కుళాయి దగ్గరి తెల్లపొర విషయంలో చాలామంది పొరబడతారు. గట్టి నీరు ఆరిపోగా మిగిలే ఆ పొర కూడా ముఖ్యంగా కాల్షియం కార్బొనేటే. అంటే పాలరాయి ఏ పదార్థమో, దాని మీద పేరుకున్న పొర కూడా దాదాపు అదే పదార్థం. ఆ పొరను కరిగించే ఏ ద్రవమైనా దాని కింద ఉన్న పాలరాయిని కూడా కరిగించి తీరుతుంది. పొరను తీసి రాయిని వదిలిపెట్టే ఆమ్లం దొరుకుతుందని ఆశపడవద్దు. అదృష్టవశాత్తూ మీ పొర ఉన్నది నల్ల గ్రానైట్ మీద. దానిలోని ఖనిజాలు సిలికేట్లు కనుక నిమ్మరసానికి అంత తేలికగా లొంగవు. అయినా ఆమ్లం వరకు వెళ్లనవసరం లేదు. తడిగుడ్డను అరగంట కప్పి ఉంచి, ప్లాస్టిక్ గీకుడు పలకతో పడుకోబెట్టి గీకితే చాలావరకు లేచిపోతుంది. తుప్పు వదిలించే కొన్ని ద్రవాల్లో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం గానీ దాని లవణాలు గానీ ఉంటాయి. అవి గ్రానైట్‌ను సైతం తినేస్తాయి, మనిషి చర్మానికీ ఎముకకూ మహా ప్రమాదకరం. వాటిని ఇంట్లోకే రానివ్వకండి.

వెనిగర్‌లో వంటసోడా కలపడమంటే ఆమ్లాన్నీ క్షారాన్నీ ఒకదానితో ఒకటి కొట్టుకొనేలా చేసి, చివరకు ఉప్పునీటితో నేల తుడవడమే. బుసబుసమని పొంగడం చూడటానికి బాగుంటుంది, అంతే. వెనిగర్ పాలు ఎక్కువైతే మాత్రం మిగిలిన ఆమ్లం మీ పాలరాయి పని పడుతుంది.

ఇక పసుపు ఎర్రబడటం. ఇది మన ఇళ్లలో కొత్త సంగతి కాదు. పసుపులో సున్నం కలిపితేనే కదా పారాణి వచ్చేది! పసుపులోని కర్కుమిన్ అనే రంగుపదార్థం క్షారం తగిలితే ఎర్రగా మారుతుంది, బట్టల సబ్బు క్షారమే. క్షారం పోయేదాకా మంచినీటితో బాగా కడిగితే మళ్లీ పసుపు రంగుకు వస్తుంది. కర్కుమిన్ ఎండకు నిలువదు. ఆ చోటికి నేరుగా ఎండ తగిలే వీలుంటే కొద్దిరోజుల్లో దానంతట అదే వెలుస్తుంది. ఎండ రాని గది అయితే మందుల దుకాణంలో దొరికే 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో ముల్తానీ మట్టిని ముద్దగా కలిపి, అరంగుళం మందంలో పట్టు వేసి, ప్లాస్టిక్ కాగితం కప్పి ఒక రోజు ఉంచండి. ఆ తరువాత కాగితం తీసి పూర్తిగా ఆరనివ్వండి. ఆరుతున్నప్పుడే మట్టి తనతో పాటు రంగును పైకి లాగుతుంది. తడి మట్టిని తుడిచేస్తే సగం పని వృథా. తాజ్‌మహల్ పాలరాయి పసుపుబారినప్పుడు భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ వేసేది కూడా ముల్తానీ మట్టి పట్టే. అయితే ముందుగా కనబడని మూల ప్రయత్నించి చూడండి. పెరాక్సైడ్ సైతం స్వల్పంగా ఆమ్లగుణం ఉన్నదే.

చివరగా ఒక హెచ్చరిక. యాసిడ్ పోసిన నేల మీద బ్లీచింగ్ పౌడర్ గానీ బ్లీచ్ ద్రవం గానీ పడితే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. తలుపులు మూసిన స్నానాల గదిలో అది ప్రాణాంతకం. మీ పనిమనిషికి ఈ సంగతి తప్పకుండా చెప్పండి, ఎందుకంటే ముందుగా పీల్చేది ఆమే.

అరుగు మీద పెద్దాయన

ఉపాధ్యాయులవారి రసాయనశాస్త్రాన్ని కాదనలేను గానీ, నా అనుభవం వేరుగా ఉన్నది. మా ఇంటి కడప బండలను మా తండ్రిగారి కాలం నుంచి, అంటే దాదాపు నలభై ఏళ్లుగా, ఏడాదికొకసారి సంక్రాంతికి ముందు యాసిడ్ నీళ్లతోనే కడిగిస్తున్నాము. బండలు అలాగే ఉన్నాయి, ఇల్లూ అలాగే ఉన్నది. ఇంత భయపడవలసినది ఏముంది?

విశ్రాంత రసాయన ఉపాధ్యాయుడు

పెద్దలు మీరు చెప్పినదీ నిజమే కావచ్చు. అంగుళం మందం ఉన్న బండ నలభై కడుగుళ్లకు కరిగిపోదు. కానీ మీ కడప బండలు మొదట వేసినప్పటి నల్లని నిగారింపుతో ఉన్నాయా, బూడిద రంగుకు తిరిగాయా అన్నది ఒకసారి గమనించండి. మంచం కింద, బీరువా కింద, అంటే యాసిడ్ చేరని చోట ఉన్న బండతో పోల్చి చూస్తే తెలుస్తుంది. ఆమ్లం పడిన ప్రతిసారీ పైపొర గరుకుబారి, మురికి మునుపటి కంటే త్వరగా పడుతుంది. అప్పుడు మళ్లీ యాసిడ్ అవసరం అనిపిస్తుంది.

అరుగు మీద పెద్దాయన

బీరువా జరిపించి చూశాను. మీరు చెప్పినట్లే ఉన్నది. దాని కింద నాలుగు బండలు నల్లగా నిగనిగలాడుతున్నాయి. మా ఇంట్లోవాళ్లు వాటిని చూసి కొత్త బండలా అని అడిగారు.

పాలిష్ పనివాడు

నేను ఇరవై ఏళ్లుగా రాళ్లకు పాలిష్ పెట్టే పని చేయిస్తున్నాను. అన్ని రాళ్లకూ సరిపోయే ద్రవం ఉంటుందా అని అడిగారు. ఉంటుంది, అది మీ వంటగదిలోనే ఉన్నది. గిన్నెలు కడిగే ద్రవం అర చెంచా, 5 లీటర్ల గోరువెచ్చని నీటిలో. అంతకంటే ఎక్కువ వద్దు. సబ్బు ఎక్కువైతే జిడ్డు పొరగా మిగిలి, దానికి దుమ్ము అంటుకొని నేల మరింత మసకబారుతుంది. గిన్నెలు తోమే సబ్బుబిళ్లలు, పొడులు మాత్రం వాడకండి. వాటిలో గరుకు పొడి కలిపి ఉంటుంది. ద్రవం కొనేటప్పుడు సీసా వెనుక సిట్రిక్, ఫాస్ఫారిక్, సల్ఫామిక్, ఆక్సాలిక్, హైడ్రోక్లోరిక్ అన్న పేర్లలో ఏ ఒక్కటి కనబడినా పక్కన పెట్టండి. ఒక చిన్న వివరణ: నిమ్మ వాసన వేరు, నిమ్మ ఆమ్లం వేరు. వాసన మాత్రమే కలిపిన ద్రవాలు కొన్ని మామూలుగానే ఉంటాయి. అనుమానం ఉంటే ప్రయోగశాల సామగ్రి అమ్మే దుకాణాల్లో ద్రవం ఆమ్లమో క్షారమో చూపే పీహెచ్ పట్టీలు దొరుకుతాయి. నీటిలో కలిపిన ద్రవంలో ముంచి చూడండి. 7కూ 9కీ మధ్య ఉంటే రోజువారీ వాడకానికి ఇబ్బంది లేదు.

తెల్ల ఫినాయిల్ గురించి ఎవరూ అడగలేదు గానీ చెబుతాను, ఎందుకంటే నేను చూసిన మసక పాలరాళ్లలో ఎక్కువ భాగం దాని వల్లనే. అది రాయిని కొరకదు, కానీ రోజూ వాడితే పొర మీద పొరగా పేరుకుంటుంది. యజమానులు పాలిష్ పోయిందనుకొని మమ్మల్ని పిలుస్తారు. కొన్ని ఇళ్లలో ఉత్త వేడినీటితో రెండుసార్లు తుడిపించి, కూలి పుచ్చుకోకుండానే తిరిగి వచ్చాను.

తుడవడం కంటే ముందు ఊడ్వడం ముఖ్యం. ఇసుకలోని పలుగురాయి గట్టిదనం మోస్ కొలతలో 7, పాలరాయిది సుమారు 3. గడపలో ఇసుక ఉండగానే తడిగుడ్డ పెడితే గరుకు కాగితంతో రాసినట్లే అవుతుంది. గుమ్మం లోపల ఒకటి, బయట ఒకటి కాళ్లు తుడుచుకొనే పట్టాలు వేయండి.

మీ పూజగదిలోని మసక గుర్తుల మీద గోరు ఆనించి లాగండి. గోరుకు ఏమీ తగలకపోతే పని చిన్నదే. మార్బుల్ పాలిష్ పొడిని తడి చేసి, నమ్దా (ఒత్తిన ఉన్ని) బిళ్లతో రుద్దితే మెరుగు తిరిగి వస్తుంది. అంచు గోరుకు తగిలితే 400 లేదా 800 నంబరు డైమండ్ ప్యాడ్‌తో మొదలుపెట్టి 3000 వరకు వెళ్లాలి, అది మాలాంటివాళ్ల పని. ఇక్కడ ఉపాధ్యాయులవారు నన్ను నిలదీయవచ్చు: ఆమ్లాలు వద్దంటూ మేము పాలిష్‌కు ఆక్సాలిక్ పొడి ఎందుకు వాడతాము? అది కూడా ఆమ్లమే. కానీ అది రాతితో కలిసినప్పుడు ఏర్పడే కాల్షియం ఆక్సలేట్ నీటిలో దాదాపు కరగదు. రాతి మీదనే పలుచని పొరగా నిలిచి, టిన్ ఆక్సైడ్‌తో కలిపి రుద్దినప్పుడు మెరుస్తుంది. యంత్రం కింద, తగిన పాళ్లలో, వెంటవెంటనే కడుగుతూ చేసే పని అది. బకెట్లో కలిపి నేల తుడవడానికి కాదు. పైగా అది విషం, పిల్లలున్న ఇంట్లో ఉంచరాదు.

వరండా బండలకు మళ్లీ యంత్రం పెట్టించక తప్పదు. ఆమ్లం మిగిలి ఉంటుందన్న అనుమానంతో ముందుగా నాలుగైదుసార్లు ధారాళంగా నీళ్లు పోసి కడగండి, తలుపుల ఇనుప మడతబందులు తుప్పు పట్టాయేమో కూడా చూసుకోండి. సిమెంటు మరకలను బండలు పరిచిన రోజే, సిమెంటు గట్టిపడకముందే, తడి స్పాంజితో తీయించాలి. ఆ పని మేస్త్రీ చేత చేయించుకోకపోతే ఆ తరువాత యాసిడ్ సీసా ఎవరో ఒకరు తెస్తారు. ఇప్పుడు మిగిలినవి కర్ర ముక్కతో, నైలాను బ్రష్‌తో ఓపికగా తీయవలసిందే. బండల సందుల్లో తెల్లని పొడి పైకి తేలుతుంటే అది సిమెంటులోని, నేలలోని లవణం. దానిని పొడిగానే బ్రష్‌తో ఊడ్చేయండి. నీళ్లు పోస్తే కరిగి లోపలికి పోయి, ఆరగానే మళ్లీ పైకి వస్తుంది.

ఏ రాయో తెలియని చోట, మరుగున ఉండే మూలలో ఒక చుక్క నిమ్మరసం వేసి చూడండి. సన్నగా బుడగలు వచ్చినా, తుడిచాక మసక కనబడినా అది సున్నపు జాతి. నల్ల గ్రానైట్ పేరుతో రంగు వేసిన రాయిని అంటగట్టేవారూ ఉన్నారు. తెల్లగుడ్డకు అసిటోన్ తడిపి రుద్దినప్పుడు గుడ్డ నల్లబడితే మీకు అమ్మినది రంగే. మీ గట్టుకు చీమకుర్తి నల్ల గ్రానైట్ అన్నారు కనుక, బంగారు చుక్కలున్న అసలు రాయి అయితే ఆ బెంగ అక్కర్లేదు.

బోరు నీటి బాధితురాలు

నేను ఒక్క సంగతి మాత్రం చేర్చుతాను. నీరు వృథా కాకూడదన్న మంచి ఉద్దేశంతోనే మేము రెండేళ్లపాటు ఆర్‌ఓ యంత్రం నుంచి బయటకు వచ్చే వ్యర్థజలంతో నేలలూ, వంటగట్టూ తుడిచాము. మా నల్ల గ్రానైట్ ఎన్ని ద్రవాలు మార్చినా తెల్లగానే ఉండేది. తరువాత తెలిసినదేమిటంటే, యంత్రం మంచినీటి నుంచి వేరు చేసిన లవణాలన్నీ ఆ వ్యర్థజలంలోనే చేరుతాయి, కాబట్టి అది బోరు నీటి కంటే కూడా చిక్కనిది. ఇప్పుడు ఆ నీటిని మరుగుదొడ్డికి వాడుతున్నాము. గట్టును మామూలు నీటితో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో తడి లేకుండా చేస్తున్నాము. పొర కట్టడం ఆగిపోయింది.

కర్నూలు కోడలు

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినవి ఒక్కొక్కటిగా చేసి చూశాను.

నిమ్మసారం సీసా వెనుక చూస్తే సిట్రిక్ ఆమ్లం పేరు స్పష్టంగా ఉన్నది. మా గట్టు తెల్లబడటానికి కారణం మా ఇంట్లోనూ ఆర్‌ఓ నీరే! ప్లాస్టిక్ పలకతో గీకగా కుళాయి చుట్టూ శుభ్రపడింది, ఒక మూల మాత్రం ఇంకా పట్టు వదలలేదు. పసుపు మరకకు ముల్తానీ మట్టి పట్టు రెండుసార్లు వేయవలసి వచ్చింది. మొదటిసారి ఆత్రం ఆపుకోలేక తడిగా ఉండగానే తీసేశాను. రెండవసారి ఆరనిచ్చి తీస్తే మరక పోయింది. దానితో పాటు నాకు అంతవరకు కనబడని దీపపు నూనె మరక ఒకటి బయటపడింది.

అత్తయ్యగారికి రసాయనశాస్త్రం చెప్పి ఒప్పించడం నా వల్ల కాదనుకున్నాను. చింతపండు గిన్నె నుంచి ఒక చుక్క తీసి, మిగిలిపోయిన పాలరాతి ముక్క మీద వేసి, పావుగంట తరువాత తుడిచి వెలుతురుకు చూపించాను. ఆమె ఏమీ అనలేదు. మరునాటి నుంచి కుందులు పెరట్లో ఉన్న గ్రానైట్ ముక్క మీదకు మారాయి.

ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. ఆ నూనె మరకకు ఏ పట్టు వేయాలి? మెరుగు పెట్టించిన తరువాత సీలర్ పూయిస్తే ఇక నిమ్మరసం పడినా ఫరవాలేదని ఇక్కడ మా ఊళ్లో పాలిష్ చేసే ఆయన చెబుతున్నారు, నిజమేనా?

పాలిష్ పనివాడు

నూనె మరకకు వంటసోడాను నీటితో ముద్ద చేసి, పసుపుకు వేసినట్లే ఒక రోజు కప్పి, ఆ తరువాత ఆరనివ్వండి. పాత మరక అయితే మూడు నాలుగుసార్లు వేయవలసి రావచ్చు. అప్పటికీ పోకపోతే ముల్తానీ మట్టిలో అసిటోన్ కలిపి వేస్తారు, కానీ అది భగ్గున అంటుకొనే ద్రవం. పూజగదిలో దీపం వెలిగించని రోజున, కిటికీలు తెరిచి మాత్రమే చేయండి.

సీలర్ గురించి ఆయన చెప్పినది సగమే నిజం. అది రాతి రంధ్రాల్లోకి దిగి నూనెనూ, కాఫీనీ, పసుపునూ లోపలికి వెంటనే పీల్చుకోకుండా ఆపుతుంది. అంటే ఒలికిన దానిని తుడుచుకోవడానికి మీకు కొంత వ్యవధి ఇస్తుంది. ఆమ్లం పనిచేసేది మాత్రం రాతి పైముఖం మీద. సీలర్ ఉన్నా లేకపోయినా నిమ్మరసం మసక చేస్తుంది. పూజగదికి పూయించడం మంచిదే, ఎందుకంటే అక్కడ నూనె, కుంకుమ తప్పవు. మెరుగు పెట్టిన తరువాత రాయి పూర్తిగా ఆరడానికి రెండు మూడు రోజులు ఆగి పూయించండి. తడి మీద పూస్తే లోపలి చెమ్మ బయటకు రాలేక మచ్చలుగా కనబడుతుంది. ఏడాది తరువాత నాలుగు నీటి చుక్కలు వేసి పావుగంట ఆగండి. తుడిచాక అక్కడ రాయి ముదురు రంగుకు తిరిగితే మళ్లీ పూయించవలసిన సమయం వచ్చినట్లు, లేకపోతే డబ్బు ఖర్చు పెట్టనవసరం లేదు.